నెల్లూరు, ఒంగోలు వైపు లగ్జరీ ఎస్‌యూవీ కొనాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ల క్రితం మా ఇంట్లో మధ్యస్థాయి లగ్జరీ ఎస్‌యూవీ ఒకటి కొన్నాం. దానికోసం నాలుగు నెలలు చెన్నైకీ విజయవాడకూ తిరిగాను. అప్పటినుంచి బంధువులు, రొయ్యల గుంటల దగ్గర పరిచయమున్నవాళ్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ వ్యాపారం చేసేవాళ్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఈ తరగతిలో చెడ్డ కారంటూ లేదు. మీకు ఏది పనికొస్తుందో మీ ఇంటి గేటు, మీరు రోజూ తిరిగే దారి, వెనక సీట్లో కూర్చునే పెద్దవాళ్లు తేలుస్తారు. నా జవాబులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

ఈ తరగతిలోకి ఏ కార్లు వస్తాయి?

మెర్సిడెస్ జీఎల్‌సీ, బీఎండబ్ల్యూ ఎక్స్3, ఆడి క్యూ5, వోల్వో ఎక్స్‌సీ60, లెక్సస్ ఎన్ఎక్స్. అన్నీ ఐదుగురు కూర్చునేవే, పొడవు అటూ ఇటూగా 4.7 మీటర్లు. ఎక్స్‌షోరూమ్ ధర 60 లక్షలు దాటి మొదలై 80 లక్షల దాకా వెళ్తుంది. ఎక్స్3ని చెన్నై దగ్గర, జీఎల్‌సీని పుణె దగ్గర చకన్‌లో, ఎక్స్‌సీ60ని బెంగళూరు దగ్గర హోస్కోటెలో అసెంబుల్ చేస్తారు. చెన్నైలో తయారయ్యే కారు మనకు దగ్గర కాబట్టి చౌకగా వస్తుందేమోనని ఇద్దరు ముగ్గురు అడిగారు. ధరలో అలాంటి తేడా ఏమీ ఉండదు.

ఫార్చునర్ ఉండగా ఇంత డబ్బు పెట్టి ఇదెందుకు?

నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఫార్చునర్‌కు లారీలాగా కింద ఛాసిస్ వేరు, దాని మీద బాడీ వేరు. ఈ కార్లలో ఛాసిస్, బాడీ ఒకటే ముక్క, మామూలు కార్లలాగే. అందుకే వీటిని క్రాసోవర్ అంటారు. ఛాసిస్ వేరుగా ఉన్న బండి గతుకులకు, బరువుకు తట్టుకుంటుంది, కానీ వెనక కూర్చున్నవాళ్లను ఊపేస్తుంది. క్రాసోవర్ హైవే మీద నేలకు అతుక్కుని వెళ్తుంది, మలుపులో పక్కకు ఒరగదు, లోపల చప్పుడు తక్కువ.

మీరు రోజూ ఇందుకూరుపేట, విడవలూరు వైపు గుంటల గట్ల మీద తిరుగుతారా? మేత బస్తాలు కూడా అప్పుడప్పుడు వెనక వేసుకుంటారా? అయితే ఫార్చునరే కొనండి, నిస్సందేహంగా. ఏడుగురు కూర్చోవచ్చు, సర్వీసు ఊళ్లోనే అవుతుంది, అమ్మినా మంచి ధర వస్తుంది. నెలకు రెండుసార్లు చెన్నై ఆసుపత్రికో, తిరుపతికో, విజయవాడకో పెద్దవాళ్లను తీసుకుని ఎన్‌హెచ్16 మీద వెళ్లేవాళ్లయితే మాత్రం ఈ కార్లలో పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. మా నాన్నగారు ఇదివరకు అక్కడ దిగగానే నడుం పట్టుకుని ఐదు నిమిషాలు కారుకు ఆనుకుని నిలబడేవారు. ఇప్పుడు దిగి నేరుగా లోపలికి నడుస్తారు. నాకు ఆ ఒక్కటి చాలు.

గ్రౌండ్ క్లియరెన్స్ సరిపోతుందా?

బ్రోచర్‌లో అంకె చూసి తృప్తిపడొద్దు. ఈ కార్లలో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఎక్కువ. జీఎల్‌సీకి 2,888 మిల్లీమీటర్లు, ఎక్స్‌సీ60కి 2,865. ఆ దూరం పెరిగేకొద్దీ ఎత్తయిన స్పీడ్‌బ్రేకర్ మీద కారు కడుపు ఆనే ప్రమాదం పెరుగుతుంది. పైగా ఐదుగురు కూర్చుని, డిక్కీ నిండితే వెనక భాగం కిందికి దిగుతుంది. ఖాళీ కారుతో చూసుకున్నది లెక్కలోకి రాదు.

మన ఊళ్లో ఇంకో చిక్కు ఇంటి ర్యాంపు. వాన నీళ్లు లోపలికి రాకుండా ఇంటి మట్టం ఎత్తుగా వేస్తాం, రోడ్డుకూ గేటుకూ మధ్య నాలుగడుగుల్లోనే నిటారుగా ర్యాంపు కడతాం. మా ఇంటి ర్యాంపు మీద రెండు బ్రాండ్ల కార్లు ఎక్కించి చూశాం. ఒకదాని ముందు బంపరు కింది పెదవి సిమెంటుకు గీరుకుంది. రెండోది దాటింది కానీ దిగేటప్పుడు కడుపు భాగం సన్నగా ఆనింది. మేస్త్రీని పిలిపించి ర్యాంపు ఒకటిన్నర అడుగులు ముందుకు లాగితే ఇబ్బంది తీరిపోయింది. ఖర్చు చిన్నదే. అయితే కారు వచ్చాక తెలిసుంటే బంపరుకు పెద్ద ఖర్చయ్యేది.

గేటు వెడల్పు కూడా టేపుతో కొలవండి. ఇన్నోవా క్రిస్టా వెడల్పు 1,830 మిల్లీమీటర్లు. ఈ కార్లు 1,900 దగ్గర ఉంటాయి, అద్దాలు దానికి అదనం. చిన్న బజారు, సంతపేట సందుల్లో ఇళ్లున్నవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

టైర్ల గురించి ఎందుకంత జాగ్రత్త చెబుతున్నారు?

అనుభవం వల్లే. కారు కొన్న రెండో ఏడు పొదిలిలో పెళ్లికి వెళ్తున్నాం. చీమకుర్తి దాటాక లారీ నుంచి జారిపడిన గ్రానైట్ చెక్క ఒకటి రోడ్డు అంచున ఉంది. ఎదురుగా బస్సు వస్తుంటే ఎడమకు తీశాను. టప్‌మని శబ్దం వచ్చింది, స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వెలిగింది. దిగి చూస్తే ముందు ఎడమ టైరు పక్క గోడ వేలెడంత పొడవున కోసుకుపోయింది. లోపలి దారాలు బయటికి కనిపిస్తున్నాయి. మా కారులో స్టెప్నీ లేదు, గాలి పంపు, జిగురు సీసా ఉన్న కిట్ మాత్రమే ఇచ్చారు. ఆ జిగురు టైరు అడుగున మేకు దిగితే పనిచేస్తుంది, పక్క గోడ చీలితే పనికిరాదు. రికవరీ వ్యాన్ ఎక్కించాం. ఆ సైజు టైరు ఒంగోలులో లేదు, నెల్లూరులో లేదు. చెన్నై నుంచి నాలుగో రోజు వచ్చింది. మేము పెళ్లికి వెళ్లింది ఆటోలో.

కాబట్టి షోరూమ్‌లో ముందు డిక్కీ అడుగు ఎత్తించి చూడండి. స్టెప్నీ ఉందా, ఉంటే సన్నటి తాత్కాలిక చక్రమా, లేక గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లా? రన్‌ఫ్లాట్ అయితే గాలి పోయినా సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దూరం పోవచ్చంటారు. చీమకుర్తి నుంచి ఒంగోలు చేరడానికి అది ధారాళంగా చాలుతుంది. ఒంగోలు నుంచి నెల్లూరు రావడానికి చాలదు. స్టెప్నీ డిక్కీ లోపలే కూర్చుంటే సామాన్ల జాగా తగ్గుతుంది, ఆ సంగతీ అప్పుడే చూడండి. ఒకే మోడల్‌లో చిన్న చక్రాలతో ఒక రకం, పెద్ద చక్రాలతో మరో రకం ఉంటే చిన్నవే తీసుకోండి. టైరు గోడ ఎత్తుగా ఉంటే గతుకుల దెబ్బ చక్రానికి అంతగా తగలదు. 20 అంగుళాల చక్రాలు ఫొటోలో బాగుంటాయి, అంతవరకే. ఒక కొత్త టైరు కొని ఇంట్లో పెట్టుకోవడం నేను ఆ తర్వాత చేసిన మంచి పని.

పెట్రోలా, డీజిలా, హైబ్రిడ్డా?

ముందుగా, అన్నిట్లో అన్నీ దొరకవు. వోల్వో, ఆడి ఈ తరగతిలో పెట్రోల్ మాత్రమే ఇస్తున్నాయి. జీఎల్‌సీ, ఎక్స్3లలో పెట్రోల్, డీజిల్ రెండూ ఉన్నాయి. లెక్సస్‌ది అసలైన హైబ్రిడ్, ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజిన్ ఆగి బ్యాటరీ మీద నడుస్తుంది. మిగతావాళ్లు చెప్పే మైల్డ్ హైబ్రిడ్ ఇంజిన్‌కు కొంచెం సాయం చేసేది మాత్రమే, దానంతట అది కారును నడపదు. సేల్స్ కుర్రాళ్లు రెండింటినీ కలిపి హైబ్రిడ్ అనేస్తారు, విడదీసి అడగండి.

నెలకు రెండు వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాళ్లకు డీజిల్ నా ఓటు. కానీ రోజూ మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డు దాకా వెళ్లి రావడమే పని అయితే డీజిల్ వద్దు. బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది బాగా వేడెక్కినప్పుడే పేరుకున్న మసి కాలిపోతుంది. రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే ఫిల్టర్ నిండిపోయి వార్నింగ్ వస్తుంది. అలా వస్తే కారును హైవే ఎక్కించి, మాన్యువల్‌లో చెప్పినట్టు కాసేపు ఆపకుండా నడపాలి. పొగను శుభ్రం చేసే ఆడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోస్తుండాలి. అది అయిపోయాక ఇంజిన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు, అందుకే వార్నింగ్ రాగానే పోయించండి.

పెట్రోల్ అయితే బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినదే. కొత్త కార్లకు ఇబ్బంది లేదు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పాత కారు కొంటుంటే మాత్రం ఇంధనం మూత లోపలి స్టిక్కర్, మాన్యువల్ చూసుకోండి.

సర్వీసుకు ప్రతిసారీ చెన్నై వెళ్లాలా?

మన జిల్లాల వాళ్లం చెన్నై, విజయవాడ, హైదరాబాద్ వైపు చూడాల్సిందే. ఏ కంపెనీ వర్క్‌షాప్ మీకు దగ్గరో ముందు తేల్చుకోండి, ఆ తర్వాతే కారు చూడండి. చాలామంది తిరగేసి చేస్తారు. మామూలు సర్వీసు ఏడాదికి ఒకసారి వస్తుంది కాబట్టి అది పెద్ద భారం కాదు. అనుకోకుండా ఏదైనా లైటు వెలిగినప్పుడే టెన్షన్. రికవరీ వ్యాన్ మీ ఊరి దాకా వస్తుందా, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితం, కారు తీసుకెళ్లి తెచ్చివ్వడానికి మనిషిని పంపుతారా? ఈ మూడూ మాటగా వద్దు, మెయిల్‌లో రాయించుకోండి. నాకు నోటితో ఇచ్చిన హామీ బిల్లు కట్టాక మాయమైంది. సర్వీసు ప్యాకేజీ, పొడిగించిన వారంటీ రెండూ కొనేటప్పుడే తీసుకోవడం మేలు.

పెద్దవాళ్లకు ఎక్కడం, దిగడం ఎలా ఉంటుంది?

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సీటు ఎత్తు సరిగ్గా నడుం దగ్గరికి రావాలి. సెడాన్‌లో కూలబడాలి, ఫార్చునర్‌లో ఎక్కాలి, ఈ కార్లలో దాదాపు కుర్చీలో కూర్చున్నట్టే. అయితే గుమ్మం వెడల్పు చూడండి. కొన్నిట్లో తలుపు తెరిచాక కింది పట్టీ వెడల్పుగా ఉండి, దిగేటప్పుడు చీర కుచ్చిళ్లకు బురద అంటుతుంది. మా అమ్మ ఒక కారును ఈ ఒక్క కారణంతో వద్దంది. ఆమె మాటే నిజమని మొదటి వానాకాలంలోనే నాకు తెలిసింది.

వెనక మధ్యలో కూర్చునే మనిషికి కాళ్ల దగ్గర గట్టి దిమ్మ అడ్డు ఉంటుంది. అందుకే కాగితం మీద ఐదుగురు, దూరప్రయాణంలో నలుగురు, మధ్యలో కావాలంటే చిన్నపిల్లలు.

మన ఎండలకు ఏసీని మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు పరీక్షించాలి. కారును అరగంట ఎండలో నిలిపి, ఎక్కి, వెనక సీటు చల్లబడడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం చూడండి. సీట్లలోంచి గాలి వచ్చే సౌకర్యం నెల్లూరు ఉక్కపోతలో విలాసం అనిపించుకోదు. కిటికీలకు తెరలు కూడా అడగండి. పైకప్పంతా అద్దం ఉంటే లోపలి తెర మందంగా ఉండాలి, పలచటి గుడ్డయితే నడినెత్తి కాలుతుంది.

ఇంకోటి: కూతురింటికి చేపల పులుసు క్యారేజీ పట్టుకెళ్లే ఇల్లయితే తెల్ల లెదర్ వద్దు.

మా డ్రైవర్ నడపగలడా?

రెండు రోజుల్లో అలవాటు పడతాడు, ఒక్క సంగతి ముందే చెప్పాలి. మన కార్లలో ఇండికేటర్ పుల్ల స్టీరింగ్‌కు కుడివైపు ఉంటుంది. జర్మన్ కార్లలో, వోల్వోలో ఎడమవైపు. మెర్సిడెస్‌లో కుడివైపు ఉండే పుల్ల ఏకంగా గేరుది. పదేళ్లు ఇన్నోవా నడిపిన చెయ్యి మలుపు రాగానే కుడి పుల్లనే నొక్కుతుంది. మొదటి వారం మినీ బైపాస్‌లో కాకుండా ఖాళీ రోడ్ల మీద నడిపించండి. లెక్సస్‌లో ఈ తికమక లేదు, ఇండికేటర్ కుడివైపే.

దానంతట అదే బ్రేక్ వేసే సౌకర్యాలు మన రోడ్ల మీద పనిచేస్తాయా?

ఈ ఐదు మోడళ్లూ యూరో ఎన్‌క్యాప్ అనే యూరప్ సంస్థ చేసే భద్రతా పరీక్షల్లో 5 నక్షత్రాలు తెచ్చుకున్నవే, బాడీ గట్టిదనం గురించి దిగులు లేదు. ఎన్‌హెచ్16 మీద ముందు కారుకు దూరం పాటిస్తూ దానంతట అదే వేగం తగ్గించుకునే క్రూజ్ కంట్రోల్ ఉంటే కావలి నుంచి ఒంగోలు దాకా కాలు నొప్పి తెలియదు. కానీ రాత్రిపూట వెనక లైట్లు లేని వరి ట్రాక్టర్, డివైడర్ సందులోంచి హఠాత్తుగా వచ్చే గేదె, ఎదురు దారిలో వచ్చే ఆటో... వీటిని యంత్రం పట్టుకుంటుందని నమ్మి కన్ను తిప్పకండి. గీతలు చెరిగిన చోట లేన్ అసిస్ట్ (కారును గీతల మధ్యే ఉంచే సౌకర్యం) స్టీరింగ్‌ను పట్టి లాగినట్టు ఉంటుంది, ఊరి రోడ్లలో దాన్ని ఆపేయండి. గుంటల వైపు వెళ్లొచ్చాక ముందు గ్రిల్, వెనక కెమెరా మీది బురద తుడవండి, బురద పడితే సెన్సర్లు గుడ్డివే. ఉప్పునీటి వైపు తిరిగినవాళ్లు కారు కింది భాగం కూడా మంచి నీళ్లతో కడిగించాలి.

చేతికొచ్చేసరికి ఎంత అవుతుంది? లోన్ తీసుకోవచ్చా?

2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ కార్ల మీద జీఎస్టీ 40 శాతం. అంతకుముందు లెక్సస్ హైబ్రిడ్ తప్ప మిగతావాటికి సెస్‌తో కలిపి 50 శాతం ఉండేది, కాబట్టి పాత ధరల పట్టికలు చూసి లెక్కలు వేయకండి. ఎక్స్‌షోరూమ్ ధర మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ పడతాయి. లైఫ్ ట్యాక్స్ పెద్ద మొత్తం, దాన్ని మొదటే అడిగి రాసుకోండి. ధర 10 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

వ్యాపారం పేరు మీద కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుందని కొందరు నమ్మిస్తారు. కార్ల వ్యాపారం, ప్రయాణికుల రవాణా, డ్రైవింగ్ స్కూల్ లాంటివి తప్ప ఇలాంటి కారు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన జీఎస్టీ వెనక్కి, రాదు. ఆదాయపు పన్నులో ఏడాదికి 15 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే.

ఇక లోన్. 60 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 1,24,500, మొత్తం వడ్డీ 14.7 లక్షలు. అదే ఏడేళ్లకయితే నెలకు 96,500, వడ్డీ మాత్రం 21 లక్షలు దాటుతుంది. రొయ్యల రైతుకు డబ్బు పంట పట్టినప్పుడు వస్తుంది, ఈఎంఐ ప్రతి నెలా వస్తుంది. వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు వస్తే ఒక పంట మొత్తం పోవచ్చు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు ఏమైందో గుంటలున్న ప్రతి ఇంటికీ తెలుసు. కనీసం ఏడాది ఈఎంఐలు పక్కన ఉంటేనే సంతకం పెట్టండి అని మా బావకు చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.

వరద వస్తే?

2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రాకపోకలు ఆగిపోవడం చూశాం. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చింది. నీళ్లలో కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి, ఇంజిన్‌లోకి నీళ్లు లాగి లోపలి రాడ్లు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ నష్టం సాధారణంగా రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలి. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్)తో పాటు ఇది మన తీరంలో తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే లాభమేనా?

మూడు నాలుగేళ్ల కారు చాలా తక్కువకు వస్తుంది, నిజమే. కానీ చెన్నై కారయితే వరద నీళ్లు చూసిందేమో ముందు తేల్చండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, చివర మట్టి గీత ఉంటే వదిలేయండి. సీటు కింది బోల్టుల తుప్పు, కార్పెట్ కింద తడి వాసన, స్టెప్నీ గుంటలో ఒండ్రు చూడండి. సర్వీసు చరిత్రను ఛాసిస్ నంబరుతో కంపెనీ దగ్గరే తీయించండి. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి సంచులు) ఉన్న కారును రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున్నే చూడండి, ఒక మూల దిగి ఉంటే పెద్ద ఖర్చు ఎదురు చూస్తోందని అర్థం.

వేరే రాష్ట్రం కారయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి, ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి. 12 నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తప్పదు. ఆ పన్ను లెక్క కలిపాక కూడా చౌకగా ఉంటేనే బేరం.

చెన్నైలో కొత్త కారు కొని నెల్లూరులో రిజిస్టర్ చేయించొచ్చా?

చేయించొచ్చు. అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే చేయించుకుని వచ్చి, గడువులోపల ఇక్కడ పన్ను కట్టాలి.

ఎలక్ట్రిక్ కారు కొంటే?

జీఎస్టీ 5 శాతమే కాబట్టి ఆశ పుడుతుంది. సొంత ఇల్లు, సొంత ఛార్జర్ ఉండి ఎక్కువగా ఊళ్లోనే తిరిగేవాళ్లు ఆలోచించొచ్చు. దోర్నాల మీదుగా శ్రీశైలం అడవి దారి తరచుగా పట్టేవాళ్లు ఇప్పుడే వద్దు.

మైపాడు బీచ్ ఇసుకలోకి దించొచ్చా? నాలుగు చక్రాలకూ పవర్ ఉందిగా.

దించొద్దు. టైర్లు రోడ్డువి. కూరుకుపోయాక ట్రాక్టరే దిక్కు.

టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి?

షోరూమ్ చుట్టూ పది నిమిషాలు తిప్పి పంపిస్తామంటే ఒప్పుకోకండి. కారును ఇంటికి పంపమని అడగండి, ఈ ధర కార్లకు చాలామంది పంపుతారు. ఇంట్లో అందరూ ఎక్కండి. ర్యాంపు ఎక్కించి దించండి. ఊళ్లో మీకు అన్నిటికన్నా చిరాకు పెట్టే స్పీడ్‌బ్రేకర్ మీదికి తీసుకెళ్లండి. తర్వాత హైవే ఎక్కి ముప్పై కిలోమీటర్లు పోయి, తిరిగి వచ్చేటప్పుడు మీరు వెనక కూర్చోండి, డ్రైవర్ చేత నడిపించండి. ప్రయాణంలో రేడియో ఆపేసి, వెనక పెద్దవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడండి. వాళ్లు ‘ఆ? ఏందీ?’ అని ఎన్నిసార్లు అడిగారో గుర్తుపెట్టుకోండి. దిగాక వాళ్లను వెంటనే బాగుందా అని అడగకండి, మర్యాదకు బాగుందనే అంటారు. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర అడగండి.